పిల్లిమూతి సారథి

కేశవులు సారుకు కారు నడపడం రాదు. ఈ ఒక్క ముక్క ముందే చెప్పేస్తే నా కడుపుమంట కాస్తయినా చల్లారుతుంది. ఆయన కాలేజీ నడుపుతాడు, కమిటీ నడుపుతాడు, మైకు దొరికితే గంటలకొద్దీ ఉపన్యాసం నడుపుతాడు. కారు మాత్రం నడపలేడు. అలాంటి మనిషి బొమ్మ నిలువెత్తు ఫ్లెక్సీ మీద, నా కారు కిటికీలోంచి చెయ్యి ఊపుతూ, నెల్లికుదురులో నడిరోడ్డు మీద వేలాడింది. కింద పెద్ద పెద్ద అక్షరాలు: 'ఉద్యమ సారథి'. సారథి అంటే రథం తోలేవాడని మా బిడ్డ సుమ చెప్పింది. అది తొమ్మిదో తరగతి.

"మరి తోలింది నువ్వు గద యాడీ?" అని కూడా అడిగింది. మా లంబాడీల ఇళ్లల్లో అమ్మను యాడీ అంటారు.

ఆ కారు ఉత్తపుణ్యానికి వచ్చింది కాదు. నా భర్త హన్మంతు జనగామలో దేవదాసు తాత షెడ్డులో మెకానిక్‌గా పని చేసేవాడు. తాత పడుచువయసులో మిషన్ దవాఖాన డాక్టరమ్మకు డ్రైవరు. ఆమె అమెరికా మనిషి. ఓడలో తన కారును తెచ్చుకుంది, తిరిగి వెళ్లేటప్పుడు తాతకే ఇచ్చిపోయింది. కారు పేరు ప్లిమత్. మా తండాలో ఎవరికీ నోరు తిరగలేదు. ముందు జాలీకి అటూ ఇటూ మీసాల్లా గీతలు ఉంటాయి కాబట్టి 'పిల్లిమూతి' అన్నారు. ఆ పేరే ఖాయమైంది.

ఒకరోజు లారీ కింద పడుకుని పని చేస్తుంటే జాకీ జారింది. హన్మంతు కుడికాలు మోకాలి కింద నుజ్జయింది. లారీ ఓనరు దవాఖానకు పండ్లబుట్ట పంపించాడు, మళ్లీ మొహం చూపించలేదు. హన్మంతు తండాకు వచ్చి, గోడవైపు తిరిగి పడుకున్నాడు. అన్నం పెడితే తినేవాడు, పెట్టకపోతే అడిగేవాడు కాదు. నాకు జాలి కంటే కోపమే ఎక్కువ వచ్చేది. కాలు పోయింది, మనిషి ఎందుకు పోవాలి?

అప్పుడు దేవదాసు తాత మాట పంపించాడు. నేను జనగామ వెళ్తే షెడ్డు వెనక తాడిపత్రి పట్టా లేపి కారును చూపించాడు. వెనక సీట్లో కోడి పొదిగి ఉంది. నేల బొక్కలు పడింది. ఇంజను బిగుసుకుపోయి రాయిలా ఉంది.

"తీస్కపో నీలవ్వా," అన్నాడు తాత. "మా పోరగాండ్లు తుక్కు కింద అమ్ముతమంటాండ్లు. గిది సావొద్దు, ఆడ వాడూ సావొద్దు."

ట్రాక్టరుకు కట్టి తండాకు లాక్కొచ్చాం. కారు వాకిట్లో ఆగిన చప్పుడుకు హన్మంతు గోడవైపు నుంచి ఇటు తిరిగాడు. నేను చూడనట్టే ఊరుకున్నాను.

ఆయన పీట మీద కూర్చునేవాడు, నేను కారు కిందికి దూరేదాన్ని. ఆయన చెప్పడం, నేను విప్పడం. మొదట్లో పానా ఏదో, రించి ఏదో తెలియక తిట్లు తిన్నాను. తిరిగి తిట్టాను కూడా. ఆ ఇంజను ఇక లేవదని తేలాక, భూపాలపల్లి బొగ్గుబాయిలో పనిచేసే మా అన్న రాజేందర్ అక్కడి తుక్కు దుకాణంలో బోల్తా పడ్డ జీపు డీజిల్ ఇంజను చూసి పంపించాడు. జీపు ఇంజనుకూ అమెరికా గేర్‌బాక్సుకూ మధ్య ఇనుప పలక కోయించి, రెండింటికీ పెళ్లి చేశాడు హన్మంతు. ఆ పెళ్లి అంత సులువుగా కాలేదు, మూడుసార్లు విడాకులయ్యాయి. బ్రేకులకు అంబాసిడర్ సామాను సానపట్టి కూర్చాం. పాత వైరింగ్ అంతా పీకి కొత్తది లాగాం. నేలకు రేకు అతికించి, ఎర్ర ప్రైమర్ పూసి అక్కడితో ఆపేశాం. పైన మెరిసే రంగు వెయ్యమని మానుకోట పెయింటరు ఒకడు వెంటపడ్డాడు.

"అద్దం లెక్క జేసి ముంగట కూసోని సూసుకునుడు కాదు," అన్నాడు హన్మంతు. "రోజూ ఉరకాలె. ఉరకకపోతె మల్ల సస్తది."

స్టీరింగ్ ఎడమవైపు ఉంది. అమెరికాలో అంతేనట. చూసిన ప్రతివాడూ దాన్ని కుడికి మార్చమని సలహా ఇచ్చాడు. సలహాలకేం, ఊరంతా సలహాలే. హన్మంతు వినలేదు. "పుట్టుకతోని ఎడమచేతి వాటం. కొట్టి మారిస్తె నడకే పోతది," అన్నాడు. ఆయన కాలు యాక్సిలేటర్ తొక్కలేదు కాబట్టి నడపడం నేనే నేర్చుకున్నాను. లైసెన్సు తీశాను. కాకపోతే ఒక చిక్కుంది. ఎడమవైపు కూర్చుని ముందున్న లారీని దాటాలంటే ఎదురొచ్చే బండి కనపడదు. కుడిసీట్లో ఉన్నవాళ్లు తల బయటపెట్టి చూసి చెప్పాలి. ఆ సీటు హన్మంతుది. విరిగిన కాలు చాపుకుని, కిటికీలోంచి చూస్తూ "ఆగు... ఆగు... పో" అంటాడు. అది ఊరికే కూర్చునే సీటు కాదు, చూసే సీటు. మేమిద్దరం కలిస్తేనే ఒక డ్రైవరు.

పొద్దున తండా ఆడపిల్లలను నెల్లికుదురు బడికి దింపేవాళ్లం. అంతకుముందు ఆ దారిలో బైకుల మీద పోకిరీలు వెంటపడుతున్నారని సగంమంది బడి మానేశారు. తర్వాత మిరపకాయ ఏరే ఆడవాళ్లను చేన్లకు చేర్చేవాళ్లం. తండాలో రుక్కికి పురిటినొప్పులొస్తే వానలో మానుకోట దవాఖానకు తీసుకుపోయాం. వైపరు పనిచెయ్యక, హన్మంతు బీడీ తుంచి ఆ పొగాకుతో అద్దం రుద్దితే నీళ్లు జారిపోయి దారి కనిపించింది. పిల్లిమూతి మా తండాకు బస్సు, అంబులెన్సు, అన్నీ.

తెలంగాణ మాకు అక్కర్లేదని కాదు. ఆ మాట ఎవరైనా అంటే నాలుక కోస్తాను. నంబరు ప్లేటు మీద ఏపీ చెరిపి టీజీ రాసింది నేనే. మా యాసను సినిమాల్లో జోకర్ల నోట్లో పెట్టి నవ్వుకున్నవాళ్ల మీద నాకు మంట. సకల జనుల సమ్మె వచ్చినప్పుడు బస్సులు ఆగాయి, బళ్లు మూశారు, మా అన్న బాయి దిగడం మానేశాడు. కేశవులు సారు మా వాకిట్లోకి వచ్చింది కూడా అప్పుడే. ఆయన నెల్లికుదురులో ప్రైవేటు కాలేజీ యజమాని, ఉద్యమ కమిటీకి పెద్ద.

"ర్యాలీకి బండి గావాలె నీలమ్మా. తెలంగాణ కంటె బండి ఎక్కువనా?"

ఆ ప్రశ్నకు కాదనే జవాబు ఉండదని ఆయనకు తెలుసు. ఇచ్చాం. నేను నడుపుతానన్నాను, సరేనన్నాడు. తీరా బయలుదేరే వేళకు హన్మంతును వెనక్కి పంపి కుడిసీట్లో తానే కూర్చున్నాడు. చూసే సీట్లో కూర్చుని ఒక్కసారి కూడా రోడ్డు చూడలేదు. జనాన్ని చూశాడు, కెమెరాను చూశాడు. నేను గుడ్డిదానిలా నడిపాను. మర్నాడు పేపర్లో ఫోటో: సారు కుడి కిటికీలో చెయ్యి ఊపుతున్నాడు. కింద 'స్వయంగా కారు నడుపుతూ ర్యాలీకి నాయకత్వం వహించిన కేశవులు' అని రాశారు. ఫోటోగ్రాఫరుదీ తప్పు కాదు. ఈ దేశంలో కుడిసీట్లో ఉన్నవాడే డ్రైవరు. కానీ సారుకు తెలుసు కదా! కాదని ఒక్క మాట అనలేదు. పైగా ఆ ఫోటోనే ఫ్లెక్సీ వేయించాడు. సొమ్మొకడిది, సోకొకడిది.

రెండోసారి వచ్చినప్పుడు నేను ఇవ్వనన్నాను. హన్మంతే సర్దిచెప్పాడు, నాలుగు ఊర్లు చూస్తాయి పోనీ అని. ఈసారీ సారు కుడిసీట్లో, హన్మంతు వెనక. నర్సింహులపేట దాటాక రోడ్డుకు అడ్డంగా పోలీసులు ఇనుప బారికేడ్లు పెట్టి ఉన్నారు. పక్కన కెమెరాలవాళ్లు. నేను దూరం నుంచే వేగం తగ్గించాను.

"పోనియ్ నీలమ్మా, పోలీసోళ్లే జరుగుతరు," అన్నాడు సారు.

"జరగరు సారూ. పక్కకు తీసి ఆపుతాన."

"అందరు సూస్తాండ్లు, ఆపితె ఇజ్జత్ పోతది. పోనియ్!"

నేను బండిని పక్కకు తీద్దామని బ్రేకు వదిలి, కాలు మెల్లగా యాక్సిలేటర్ మీద ఆనించాను. పిల్లిమూతి ముందు సీటు ఒకే బల్ల, మధ్యలో అడ్డమేమీ ఉండదు. ఎడమ స్టీరింగ్ బండిలో యాక్సిలేటర్ ఆ కుడి చివర, పక్కవాడి కాలికి అందేంత దగ్గర ఉంటుంది. కేశవులు సారు నావైపు జరిగి, బూటుకాలు చాపి, నా కాలి మీద వేసి తొక్కాడు. నా బొటనవేలి గోరు చిట్లడం నాకు తెలిసింది. కాలు లాక్కోలేకపోయాను. బండి ఎగిరి బారికేడ్ మీద పడింది, బారికేడ్ దాని వెనక ఉన్న కానిస్టేబుల్ కాలి మీద పడింది.

అతను అరిచిన అరుపు నాకు కొత్త కాదు. దవాఖానలో కాలికి కట్టు కట్టేటప్పుడు హన్మంతు అచ్చం అలాగే అరిచాడు.

నేను స్టీరింగ్ పట్టుకునే ఉన్నాను. పోలీసులు నావైపు రాలేదు. అలవాటు ప్రకారం కుడి తలుపు పీకి, సారును కాలరు పట్టి లాగారు.

"ఎవడ్రా నడిపేది? నువ్వేనా ఉద్యమం నడిపెటోనివి?" అని ఎస్సై చెంప మీద కొట్టాడు.

"నేను గాదు సార్! నాకు నడుపుడే రాదు! గా లంబాడిది, గామె నడిపింది!"

లంబాడిది. అప్పటిదాకా నీలమ్మను. ఎస్సై వంగి నన్ను చూశాడు. మా లంబాడీల పేటియా లంగా కట్టుకున్న ఆడమనిషి, తలమీద కొంగు. స్టీరింగ్ నా చేతుల్లోనే ఉంది, అతని కళ్లకు ఆనలేదు. "సిగ్గులేదార, ఆడదాని మీదికి నూకుతవా? పేపర్ల నీ ఫోటో సూడలేదనుకున్నవా?" అని ఇంకో రెండు వేసి జీపెక్కించాడు. సారునే డ్రైవరని కేసు రాశారు. కారును కేసు సామానంటూ క్రేనుకు కట్టి మానుకోట స్టేషనుకు తీసుకుపోయారు. స్టేషన్లో దింపాకైనా స్టీరింగ్ ఎటుందో కనపడే ఉంటుంది. కానీ రాసిన కాగితం మార్చడానికి ఎవరికి మనసొప్పుతుంది?

సారు బెయిలు మీద వచ్చిన రోజు డప్పులు, పూలదండలు. బారికేడ్లు బద్దలు కొట్టిన వీరుడట! జీపు మీద నిలబడి, "ఆ రోజు నా చేతుల్ల ఉన్నది స్టీరింగ్ గాదు, నాలుగు కోట్ల మంది ఆశలు!" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. నేను గోరు ఊడిన వేలికి గుడ్డ చుట్టుకుని ఆ గుంపులోనే నిలబడి విన్నాను. ఒళ్లు మండిపోయింది. ఇంటికొచ్చి అంతా అరిచి చెబుతానంటే హన్మంతు చెయ్యి పట్టుకున్నాడు.

"ఇయ్యాల నోరు తెరిస్తె రేపు తెలంగాణ ద్రోహులంటరు నీలీ. తండాల బతకనియ్యరు."

ద్రోహి. ఆ రోజుల్లో అంతకంటే పెద్ద తిట్టు లేదు. నేను నోరు మూసుకున్నాను.

సమ్మె అయిపోయింది, బళ్లు తెరిచారు. పిల్లలు మళ్లీ నడక మొదలుపెట్టారు, బైకులూ మళ్లీ మొదలయ్యాయి. కమ్లీ కూతురు మానేసింది, వాల్యా కూతురు మానేసింది. మా సుమ మానలేదు గానీ, రోజూ బిగించిన మొహంతో ఇంటికొచ్చేది. హన్మంతు మళ్లీ గోడవైపు తిరిగాడు. నేను మానుకోట వెళ్లినప్పుడల్లా కారును చూసి వచ్చేదాన్ని. బ్యాటరీ ఎవరో విప్పుకుపోయారు. టైర్లు నేలకు కరుచుకున్నాయి. జాలీలోకి తీగ పాకింది. ఉరకకపోతే చస్తుందన్న మాట గుర్తొచ్చి అక్కడే ఏడ్చాను.

ఇంతలో కానిస్టేబుల్ కాలు అతకలేదని, కేసు గట్టిదైందని తెలిసింది. అదే సమయంలో సారుకు ఎమ్మెల్యే టికెట్ ఆశ పుట్టింది. ఒకరోజు మా వాకిట్లో దిగాడు. చేతిలో పండ్లబుట్ట. కాళ్లు విరిగిన ఇళ్లకు ఏం తేవాలో ఈ పెద్దమనుషులందరికీ ఒక్క బడిలోనే నేర్పుతారేమో.

"నీలమ్మా, నువ్వే నడిపినవని కోర్టుల చెప్పు. అబద్ధం గాదు గద," అన్నాడు. "ఆడమనిషివి, తండా దానివి, జడ్జి సారు జాలి సూపిస్తడు. బండి విడిపిచ్చే పూచీ నాది."

"మరి తొక్కిందెవరో?"

ఆయన మొహం చిట్లించాడు. "గదెందుకిప్పుడు? ఎవలు సూసిండ్లు? ఉద్యమానికి మచ్చ తెస్తవా?"

చప్పట్లు కొట్టినప్పుడు నడిపింది ఆయన. జైలు కనిపించేసరికి నడిపింది నేను. అడుసు తొక్కింది ఆయనైతే కాలు కడగాల్సింది నేనా? పండ్లబుట్ట ఎత్తి రోడ్డు మీదికి గిరాటేద్దామనుకున్నాను. సుమ చూస్తోందని ఆగాను. ఆలోచించి చెబుతానన్నాను.

ఆ వారం రాజేందరన్న భూపాలపల్లి నుంచి వచ్చాడు. అంతా విన్నాడు. నేను, "నిజం చెప్తె ఉద్యమానికి చెడ్డపేరు రాదా అన్నా?" అని అడిగాను.

"ఉద్యమం గాయన అయ్య జాగీరా?" అన్నాడు అన్న. "బాయిల మేం అందరం తట్ట దించి బయటికొచ్చినం. జీతాలు లేక ఇంట్ల పొయ్యి ఎలగలే. మాకేడున్నడు సారథి? మా ఫ్లెక్సీ ఎవడు కట్టిండు? నీ బండి, నీ కాలు. ఏం చెప్తవో నీ ఇష్టం."

హన్మంతు గోడవైపు నుంచే అన్నాడు, "నేను ఎనక సీట్ల ఉండుడే తప్పయింది. నా సీటు ఇయ్యకపోయేది ఉండె." తర్వాత ఇటు తిరిగాడు. "చెప్పు నీలీ. ద్రోహులంటె అననియ్."

కారు విడిపించమని అర్జీ పెట్టుకున్నాం. ఆ రోజు మానుకోట కోర్టు నిండా ఉద్యమ కండువాలే. కేశవులు సారు ఇస్త్రీ చొక్కాలో, నల్ల బూట్లలో వచ్చి, ముందు వరసలో కూర్చున్నాడు. నన్ను చూసి ధైర్యంగా ఉండమన్నట్టు తలూపాడు. ఆయన వకీలు లేచి కారు ఫోటోలు చూపించాడు. స్టీరింగ్ ఎడమవైపు ఉందనీ, తన క్లయింటు కుడివైపు కూర్చున్నాడనీ, కాబట్టి ఆయన డ్రైవరు కానే కాదనీ చెప్పాడు. వెనక కండువాల్లో గుసగుసలు మొదలయ్యాయి. సారథి కాదా మరి, అని ఎవరో అననే అన్నారు.

మేజిస్ట్రేటు నావైపు చూశాడు. "అమ్మా, కారు మీదేనా?"

"మాదే సారూ."

"ఆ రోజు నడిపింది ఎవరు?"

సారు నా మొహంలోకి చూస్తున్నాడు, పంతులు అప్పజెప్పించుకునే పిల్లను చూసినట్టు. హన్మంతు చేతికర్ర పట్టుకుని గోడ దగ్గర నిలబడ్డాడు. కూర్చోమని ఎవరూ అనలేదు.

"నేనే సారూ. ర్యాలీల నడిపింది నేనే, నర్సింహులపేట కాడ నడిపింది నేనే. దినాం నడిపేది నేనే. గీ సారుకు నడుపుడు రాదు, పేపరోళ్లు తప్పు రాసిండ్లు."

కేశవులు సారు గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాడు. వకీలు కాగితాలు సర్దుకోబోయాడు. నేను చెప్పు విడిచి కాలు ముందుకు పెట్టాను. బొటనవేలికి కొత్త గోరు వంకరగా మొలిచింది.

"నడిపింది నేనే సారూ," అన్నాను. "తొక్కింది గీయన."

కండువాలన్నీ ఒక్కసారి కేశవులు సారు బూట్ల వైపు తిరిగాయి. ఆయన కాళ్లు రెండూ బల్ల కిందికి లాక్కున్నాడు.